వెనక ఎవరూ లేరు

కనుమ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లు ఆయన్ని తోక అంటారు. చిన్నవాళ్లయితే తోకన్న. పంతొమ్మిదేళ్లుగా ఆ రోడ్డు మీద వరసలో చివరి బండి ఆయనదే. కూతురు చిన్నప్పుడు, మీ నాన్న ఏం చేస్తాడని స్కూల్లో టీచరు అడిగితే, "అందరూ వెళ్లిపోయాక వెళ్తాడు" అని చెప్పిందట. టీచరు ఎలా నవ్విందో ఆయన భార్య ఇప్పటికీ చేసి చూపిస్తుంది.

కింది గేటు నుంచి పై గేటుకు పదకొండు కిలోమీటర్లు. కొండను చెక్కి వేసిన దారి, ఒక్క లారీ పట్టేంత వెడల్పు. ఎదురుగా ఇంకో బండి వస్తే తప్పుకునే చోటు లేదు. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ ఉండదు. అందుకని ఒక విడత బళ్లన్నీ పైకి పోతాయి, అవి చేరాక పైనున్నవన్నీ కిందికి వస్తాయి. ఎవరి వంతో తేల్చేది ఒక కర్ర. మోచేతి పొడవున, ఎర్ర రంగు వేసిన మామూలు కర్ర. వరసలో చివరి బండికి దాన్ని ఇస్తారు. ఆ బండి అవతలి గేటు చేరాక, డ్రైవరు కర్రను గేటు మనిషి చేతికిచ్చి, "వెనక ఎవరూ లేరు" అని నోటితో చెప్పాలి. అప్పుడే ఎదురు విడతకు గేటు లేస్తుంది. ఆ మాట తప్పని తేలితే, చెప్పినవాడు మళ్లీ ఆ బండి ఎక్కడు. అది రెండు గేట్ల దగ్గరా గోడ మీద రాసి ఉన్న నిబంధన.

ఆ చివరి బండి రోడ్ల శాఖవారి పాత ట్రక్కు. వెనక బళ్లను లాగే వించి, దానికి ఇనప తాడు, చక్రాల కింద పెట్టే దిమ్మలు, నీళ్ల డబ్బాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు. ఆగిపోయిన బండిని లాగడం, కళ్లు తిరిగిన మనిషిని లేపడం, దొర్లిపడ్డ రాళ్లు తీయడం, దారికి అడ్డంగా పెట్టినవి ఎవరైనా తీసి వదిలేస్తే మళ్లీ పెట్టడం అన్నీ చివరివాడి పనులే.

అందరి వెనకా నెమ్మదిగా పోవాల్సిన ఈ పని, ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషికి దొరికింది. ఆయన అన్నం నిలబడి తింటాడు. వంటింటి గుమ్మం దగ్గర రెండు ముద్దలు, కిటికీ దగ్గర రెండు ముద్దలు. సెలవు రోజున వీధి చివరిదాకా వెళ్లి, గ్యాసు కట్టేశానో లేదోనని వెనక్కి వస్తాడు. మళ్లీ వెళ్లి, తాళం వేశానో లేదోనని ఇంకోసారి వస్తాడు. భార్య వరండాలో కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? ఇటొచ్చి ఈ సూదిలో దారం ఎక్కించు" అనేది.

దారం ఎక్కిస్తూ కూడా మోకాలు ఊపుతుండేవాడు. ఆవిడ ఆ మోకాలి మీద కొలత బద్దతో ఒకటి వేసేది.

"నీకేం తెలుసే. ఎవడో ఒకడు వెనక ఉండిపోయినట్టు ఉంటుంది నాకు."

"నేనున్నాగా వెనక. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను. నన్ను లెక్కపెట్టుకో."

ఎవరో ఉండిపోయారన్న ఆ అనుమానంతోనే ఆయన మూడుసార్లు గేటు ఆపించాడు. మొదటిసారి లెక్కలో ఒకటి తగ్గింది. చూస్తే ఎవరిదో మోటారుసైకిలు పాడైపోతే దారిలో లారీ ఎక్కించుకున్నారు. రెండోసారి దారిలో చూసిన ఒక పసుపు వ్యాను పైన కనిపించలేదు. అది పైకి రాగానే దుమ్ము కడిగించుకుంది, లోపల ఉన్న రంగు తెలుపు. మూడోసారి ఆధారమే లేదు. ఊరికే మనసు పీకింది. గంటసేపు రెండు బస్సులు, అందులో పరీక్షకు పోయేవాళ్లు ఆగిపోయారు. ఆ తర్వాత శాఖ నుంచి కాగితం వచ్చింది: ఇంకొక్కసారి కారణం లేకుండా గేటు ఆపిస్తే షెడ్డుకు మార్చేస్తాం. షెడ్డంటే కింద పట్నంలో, రేకుల కప్పు కింద, నడవని బళ్ల మధ్య కూర్చునే ఉద్యోగం. ఆ కాగితాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎందుకని అడిగితే, "తీసి బయట పెడితే మర్చిపోతానేమో" అనేవాడు.

ఆ రోజు పగలు రెండో విడత. మబ్బు కిందికి దిగి, రోడ్డు మీద పాకుతోంది. కింది గేటు దగ్గర ఉండే ఆవిడ, ఉన్ని టోపీ మీద ఇంకో ఉన్ని టోపీ పెట్టుకుని, కర్ర కిటికీలోంచి అందించింది.

"ముప్పై నాలుగు అన్నా. నీకు ముందు ఆ తెల్ల కారు. వెనక సీట్లో ముసలావిడ ఉంది, కాస్త చూసుకో. ఈరోజైనా నన్ను రేడియోలో తిట్టించకు."

"నేనెప్పుడు తిట్టించాను?"

"మూడుసార్లు" అంది ఆవిడ, వేళ్లు చూపించి.

తెల్ల కారు చిన్నది. పైన తాళ్లతో కట్టిన పరుపు, నడిపే మనిషి, పక్కన భార్య, వెనక అతని తల్లి. ఇల్లు మారుతున్నట్టున్నారు. దానికి ముందు బంగాళాదుంపల లారీ. నాలుగో కిలోమీటరు దాకా కారు వెనక లైట్లు చూస్తూనే నడిపాడు. అక్కడ కొండ మీంచి బుట్టంత రాయి దొర్లి రోడ్డు మధ్యలో పడింది. కారు దాన్ని తప్పించుకుని పోయింది. ఆయన ఆగి, గునపంతో దాన్ని అంచు దాకా తోసి, చిన్న ముక్కలు ఏరేసరికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎత్తులో వంగి లేస్తే చాలు, ఆయాసం.

ఆరో కిలోమీటరు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపుది కొత్త దారి. ఎడమవైపుది పాత మెలిక. కొండ ముక్కు చుట్టూ తిరిగి, కిలోమీటరున్నర అవతల మళ్లీ ఇదే రోడ్డులో కలుస్తుంది. రెండేళ్ల కింద అక్కడ కొండచరియ విరిగిపడితే మూసేశారు. మొదట్లో రాళ్లు నింపిన మూడు తారు డ్రమ్ములు అడ్డంగా పెట్టి ఉంటాయి. ఆయన అక్కడికి వచ్చేసరికి మబ్బు ఎంత దట్టంగా ఉందంటే, కుడిపక్క అంచు ఎక్కడుందో తల బయట పెట్టి చూసుకుంటూ నడిపాడు. పాత మెలిక వైపు చూడలేదు.

తొమ్మిదో కిలోమీటరులో మబ్బు పలచబడింది. ముందు బంగాళాదుంపల లారీ కనిపించింది. తెల్ల కారు లేదు.

లారీని దాటిపోయి ఉంటుందనుకున్నాడు. చీలిక దగ్గర కాస్త వెడల్పు ఉంది, లారీవాడు దారి ఇచ్చి ఉంటాడు. అనుకున్నాడే కానీ కాలు ఊగడం మొదలైంది. క్లచ్చు మీది కాలు.

పై గేటు మనిషి ఆయన బావమరిదే. భార్యకు తమ్ముడు. గేటు గది కిటికీలోంచి చెయ్యి చాపి ఉన్నాడు.

"తే బావా. అవతల ఇరవై ఆరు బళ్లు, అందరూ నన్ను తినేసేలా ఉన్నారు."

"ఎన్ని వచ్చాయి?"

"నువ్వు కాక ముప్పై నాలుగు. కింది గేటావిడ చెప్పిందీ ముప్పై నాలుగే."

"అందులో తెల్ల కారు ఉందా? పైన పరుపు కట్టి ఉంటుంది."

"పొద్దున్నుంచి తొమ్మిది తెల్ల కార్లు పోయాయి. ఏది ఏం మోసుకుపోతోందో నేనేం చూశాను? ఈ మబ్బులో లైట్లు లెక్కపెట్టడమే ఎక్కువ." గొంతు తగ్గించాడు. "బావా, లెక్క సరిపోయింది. జేబులో కాగితం గుర్తుందా? మా అక్క నన్ను చంపేస్తుంది."

లారీ డ్రైవర్ని అడుగుదామంటే లారీ అప్పటికే గేటు దాటి అవతలి లోయలోకి దిగిపోయింది. పై గేటు దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. గాలి ఊరుకోదు.

ఆయన కర్ర ఇచ్చాడు.

"మాట" అన్నాడు బావమరిది.

"వెనక ఎవరూ లేరు."

గేటు లేచింది. ఎదురు విడతలో మొదట సిమెంటు లారీ, తర్వాత కూరగాయల వ్యాను, తర్వాత బస్సు. ఒక్కో బండి ఆరు వందల అడుగులు ఎడం ఇచ్చి బయల్దేరుతోంది. మొత్తం ఇరవై ఆరు దిగాక, కర్ర మళ్లీ తీసుకుని ఆయన వాటి వెనక దిగాలి. ఈలోగా ఓ పావుగంట ఉంటుంది. గేటు పక్క రేకుల గదిలో స్టవ్వు, టీ. ఆయన గ్లాసు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వెళ్లాడు. మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు.

లోపల రోడ్డు మరమ్మతు మేస్త్రి, ఇద్దరు కూలీలు స్టవ్వు చుట్టూ చేతులు కాచుకుంటున్నారు. బూట్లకు తడి మట్టి.

"కూర్చో తోకన్నా, గ్లాసుకే చలి వేస్తోంది నిన్ను చూస్తే" అన్నాడు మేస్త్రి. "అన్నట్టు డ్రమ్ములు పెట్టేశావుగా?"

"ఏ డ్రమ్ములు?"

"పాత మెలికవి. నిన్న కాలువ బాగుచెయ్యడానికి లోపలికి పోయి అక్కడే పడుకున్నాం. ఇందాక బయటికొచ్చేసరికి మీ వరస పోతోంది, సందు చూసుకుని జీపు దూర్చాం. చివర నువ్వొస్తావుగా, నువ్వు మూస్తావులే అని డ్రమ్ములు పక్కకి దొర్లించి వదిలేశాం. రేడియోలో చెబుదామంటే బ్యాటరీ చచ్చింది."

గ్లాసు ఆయన చేతిలో కదలకుండా ఆగిపోయింది.

జీపు ఒకటి పెరిగింది. అంటే ఒకటి తగ్గింది. అందుకే ముప్పై నాలుగు. తీసి ఉన్న దారి చూసి, మబ్బులో అదే రోడ్డనుకుని, తెల్ల కారు పాత మెలికలోకి పోయింది. అందులో ఆగిపోయిందో, నడుస్తోందో తెలియదు. నడుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు ఏడున్నర కిలోమీటర్ల దగ్గర మళ్లీ ఈ రోడ్డు మీదికే వస్తుంది. దిగుతున్న సిమెంటు లారీకి ఎదురుగా.

ఆయనకు ఇంకో విషయం కూడా అంతే స్పష్టంగా తెలిసింది. ఇప్పుడు గేటు ఆపించి, లోపల కారు లేకపోతే, అది నాలుగోసారి. కాగితం ప్రకారం షెడ్డు. కారు ఉంటే, చెప్పిన మాట తప్పు. గోడ మీది నిబంధన ప్రకారం ఆ బండి మళ్లీ ఎక్కడు. ఎటు తిరిగినా సీటు పోతుంది. పోకుండా ఉండాలంటే ఒక్కటే మార్గం: కూర్చుని టీ తాగడం. కారు మెలికలోనే ఆగిపోయి ఉండవచ్చు. లారీ పోయాక బయటికి రావచ్చు.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

గ్లాసు గుమ్మం మీద పెట్టి ఆయన ట్రక్కు వైపు నడిచాడు. పరుగెత్తితే ఆ ఎత్తులో పది అడుగులకే కూలబడతారు. నడుస్తూనే అరిచాడు.

"దించరా గేటు!"

"పంతొమ్మిది పోయాయి బావా! ఇప్పుడేంటి?"

"దించు. వెనక కారుంది."

బావమరిది గేటు దించేశాడు.

ఆ రోడ్డు మీద మూడు పొడుగు హారన్లంటే ఉన్నచోటే ఆగమని. విన్నవాడు ఆగి, తన ముందువాడికి అలాగే కొట్టాలి. ట్రక్కు గాలి హారన్‌ను ఆయన మూడుసార్లు, ఊపిరి పట్టి, పొడుగ్గా కొట్టాడు. కింద మలుపులోంచి ఒక కారు అందుకుంది. దాని కింద ఇంకోటి. హారన్లు ఒక్కో మలుపూ దిగుతూ, సన్నబడుతూ మబ్బులోకి పోయాయి. పది దాకా లెక్కపెట్టాడు. పన్నెండు. ఆ తర్వాత గాలిలో కలిసిపోయాయి. మొదటి బండి దాకా చేరాయో లేదో పైనుంచి తెలిసే వీలు లేదు.

"రేడియో?" అన్నాడు బావమరిది.

"లారీలో రేడియో ఉందా?"

ఆయన ఆక్సిజన్ సిలిండరు భుజానికి తగిలించుకుని నడవడం మొదలుపెట్టాడు.

ఆగిన బళ్ల పక్కన నడిచే చోటు రెండు అడుగులు. కొండ వైపు చెయ్యి ఆనించి దిగాడు. ఒక్కో కిటికీ దిగి ఒక్కో మాట.

"ఏం తోకా, మళ్లీ కలొచ్చిందా?"

"ఈసారి ఏ బండి రంగు మారిందన్నా?"

"పెళ్లికి పోతున్నామయ్యా, ముహూర్తానికి నిన్ను పిలవాల్సింది."

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. లెక్కపెడుతూ పోయాడు. పద్నాలుగు, పదిహేను, పదహారు. పదిహేడోది బస్సు. ఆగి ఉంది, కానీ అద్దాలన్నీ బిగించి, లోపల పాటలు మోగుతున్నాయి. ఆయన తలుపు కొట్టాడు.

"ముందుకు కొట్టావా?"

"ఏంటి కొట్టేది?"

"హారన్! మూడు హారన్లు ముందుకు కొట్టావా?"

"వెనకోడు ఆగమన్నట్టు లైట్లు కొట్టాడు, ఆగాను." డ్రైవరు పాట తగ్గించాడు. మొహం మారింది. "హారనా?"

బస్సు ముందు రోడ్డు ఖాళీ. వ్యాను లేదు. సిమెంటు లారీ లేదు. ఆయన చెయ్యి లోపలికి పెట్టి బస్సు హారన్ తనే మూడుసార్లు కొట్టి, మళ్లీ నడిచాడు. ఈసారి లెక్కపెట్టడానికి ఏమీ లేదు. సిలిండరు వీపుకు కొట్టుకుంటోంది. కళ్ల ముందు నల్లచుక్కలు. ఒక మలుపు. ఇంకో మలుపు. వ్యాను నిలబడి ఉంది, ఖాళీగా, తలుపు తీసి. దాని అవతల సిమెంటు లారీ వెనక భాగం. దాని అవతల ఎవరో గట్టిగా అరుస్తున్నారు.

"రోడ్డుకు అడ్డంగా లారీ ఆపుతారా ఎవరైనా? కళ్లున్నాయా?"

పాత మెలిక బయటికి కలిసేచోట తెల్ల కారు ముక్కు లారీ బంపరుకు ఆని ఉంది. ఒక లైటు పగిలింది. తాడు తెగి పరుపు బానెట్ మీదికి జారింది. అరుస్తున్నది కారు నడిపే మనిషి. గోళ్లనిండా మట్టి, దారంతా పడిన రాళ్లు చేతులతో తీసుకుంటూ వచ్చినట్టున్నాడు. భార్య నుదురు పట్టుకుని కూర్చుంది.

"ఆపాను కాబట్టి నువ్వు అరుస్తున్నావు నాయనా" అన్నాడు లారీ డ్రైవరు. ఆయన వైపు తిరిగాడు. "పైన ఎక్కడో హారన్లు విన్నాను తోకన్నా. మూడో, రెండో సరిగా తెలియలేదు. ఎందుకైనా మంచిదని ఆపాను. ఆపి బీడీ వెలిగించేలోగా ఈయనొచ్చి గుద్దాడు. నేను దిగుతూ ఉండుంటే..." లోయ అంచు వైపు చూశాడు.

ఆయన రోడ్డు మీద కూలబడ్డాడు. కారు వెనక అద్దం దిగింది.

"నాయనా, ఇదేనా పై గేటు?" అంది ముసలావిడ.

"ఇంకా ఉందమ్మా" అన్నాడు ఆయన, ఊపిరి అందాక. తెచ్చిన సిలిండరు ఆవిడ అడగకపోయినా ఆవిడకే పెట్టాడు.

కారును ఆయనే వెనక్కి నడిపి పాత మెలికలోకి తీసుకెళ్లి నిలబెట్టాడు. పంతొమ్మిది బళ్లూ ఒక్కొక్కటే దాని పక్కనుంచి దిగిపోయాయి. బస్సు డ్రైవరు తల తిప్పలేదు.

మర్నాడు ఇంజినీరు గది. గోడ మీద రోడ్డు పటం, మూల హీటరు, బల్ల మీద అద్దం, అద్దం కింద ఎవరివో పిల్లల ఫొటోలు. ఇంజినీరమ్మ ఆయన్ని కూర్చోమంది. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. బయట వరండాలో బావమరిది అప్పటికే నాలుగుసార్లు చెప్పి పంపాడు: "లెక్క సరిపోయింది. డ్రమ్ములు తీసింది మేస్త్రి. అదే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు."

"మేస్త్రి ఒప్పుకున్నాడు" అంది ఇంజినీరమ్మ. "సంఖ్య సరిపోయింది కాబట్టి మీరు మాట చెప్పారు. నేనైనా చెప్పేదాన్ని. అలాగే రాసివ్వండి, నేను సంతకం పెడతాను."

ఆయన కాగితం తీసుకున్నాడు. నిలబడే వంగి రాశాడు. చాలాసేపు పట్టింది. ఆవిడ చదివింది.

"'తెల్ల కారు కనపడలేదని తెలిసి కూడా మాట చెప్పాను.' ఇది అవసరమా?"

"అడిగాను మేడమ్, ఉందా అని. ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా కర్ర ఇచ్చేశాను."

"ఇది ఫైల్లో పెడితే ఆ బండి మీకు ఇవ్వలేను."

"తెలుసు."

ఆవిడ గోడ మీది పటం వైపు తిరిగింది. "షెడ్డులో మీరు నాలుగు రోజులుండరు. అక్కడివాళ్లను కూడా ఉండనివ్వరు. ఇకనుంచి వరసకు ముందు కూడా మన బండి ఒకటి ఉండాలని రాస్తున్నాను. జీపు ఉంది. రేడియోలు తర్వాత వస్తాయి."

ఆ సాయంత్రం భార్య సంగతంతా విని, మిషను ఆపింది.

"ముందా?" అంది. "ముందు కూర్చుని వెనక వాళ్లను ఎలా చూస్తావు?"

"చూడలేను."

"మరి?"

ఆయన లేచి, కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. ఆవిడ పిల్లిమాట ఎత్తలేదు. సూది ఆయన చేతికిచ్చింది. దారం రెండుసార్లు తప్పింది.

జీపులో మొదటి రోజు పైకి బాగానే చేరాడు. గేటు దాటి పక్కన నిలిపి, వచ్చే బళ్లను రోడ్డు అంచున నిలబడి చూశాడు. బావమరిది కిటికీలోంచి పిలిచాడు.

"టీ తాగు బావా. నీ పని అయిపోయింది."

"వస్తున్నా."

వెళ్లలేదు. ఆఖరున ట్రక్కు వచ్చింది. దాన్ని నడిపేది ఇప్పుడు నిదానస్తుడైన ఇంకో డ్రైవరు. కర్ర ఇచ్చి, మాట చెప్పి, నేరుగా స్టవ్వు దగ్గరికి పోయి కూర్చున్నాడు. గేటు లేచింది. మొదట దిగాల్సింది జీపే కాబట్టి అడగడానికి కూడా తీరిక లేదు.

ఆయన జీపు ఎక్కి బయల్దేరాడు. అద్దంలో ఒక్క బండి కనిపిస్తోంది, దాని వెనక మబ్బు. చలి కోస్తున్నా కిటికీ అద్దం పూర్తిగా దించి, చెవి అటు పెట్టి, రెండో గేరులో దిగుతున్నాడు. వెనకవాడు విసుగెత్తి హారన్ కొట్టాడు. ఒక్కటి, పొట్టిది. రెండోది వస్తుందేమోనని ఆయన కాసేపు చూశాడు. రాలేదు. గేరు మార్చలేదు. అదే వేగంతో మలుపు తిరిగాడు.